బందరు పేరు మోసిన ఐరిష్ పటాలం: రాయి మీద ఎవరి పేరు ఎక్కుతుంది?

సభకు నమస్కారం. సాయంత్రం పూట పనులు పక్కనపెట్టి వచ్చిన పెద్దలకు, కాలేజీ పిల్లలకు కృతజ్ఞతలు.

ఇవాళ నేను మాట్లాడబోయేది రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ అనే పటాలం గురించి. బ్రిటిష్ సైన్యంలో అదొక ఐరిష్ కాల్బల రెజిమెంట్. 1922లోనే రద్దయిపోయింది. వందేళ్ల కిందట లేకుండా పోయిన ఐరిష్ రెజిమెంట్‌తో కాకినాడలో కూర్చున్న మనకేం పని అని మీకు అనిపించవచ్చు. బ్రిటిష్ రెజిమెంట్లు తాము గెలిచిన యుద్ధాల పేర్లను గౌరవచిహ్నంగా చెప్పుకునేవి. ఈ రెజిమెంట్ జాబితాలో ప్లాసీ తర్వాత వరసగా రెండు పేర్లు వస్తాయి: కాండోర్, మసులిపటం. మసులిపటం అంటే మన బందరు. కాండోర్ అంటే ఇక్కడికి దగ్గర్లోనే, గొల్లప్రోలు మండలంలో ఉన్న చందుర్తి. మన పొలాల్లో పుట్టిన గౌరవాన్ని ఐర్లాండ్ పల్లెల కుర్రాళ్లు మోసుకు తిరిగారన్నమాట.

ఈ రెజిమెంట్ కథ చెబుతూ నేను వెతికేది ఒక్కటే. యుద్ధంలో పోయినవాడి పేరు రాయి మీదికి ఎప్పుడు ఎక్కుతుంది? ఎవరిది ఎక్కుతుంది, ఎవరిది ఎక్కకుండా మిగిలిపోతుంది?

బొబ్బిలి యుద్ధం మనందరికీ తెలుసు. 1757 జనవరి, బుస్సీ ఫిరంగులు, రంగారావు కోట, తాండ్ర పాపారాయుడు డేరాలో చొరబడి విజయరామరాజును పొడిచి చంపడం. అక్కడితో మనం కథ ఆపేస్తాం. ఆ తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనందగజపతి రాజుకు, ఫ్రెంచివాళ్లకు పొసగలేదు. 1758లో ఫ్రెంచి అధిపతి లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఇదే అదననుకుని ఆనందరాజు విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసు వాళ్లకు తమ కోట కాపాడుకోవడమే కష్టంగా ఉంది. కలకత్తాలో ఉన్న క్లైవ్ మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్‌కు సుమారు 500 మంది తెల్ల సైనికుల్ని, రెండు వేల మంది సిపాయిల్ని ఇచ్చి ఓడల మీద విశాఖపట్నం పంపాడు. ఆ తెల్ల పటాలమే బెంగాల్ యూరోపియన్ రెజిమెంట్. 1756 డిసెంబరులో, అప్పుడు చేతికి దొరికిన కంపెనీలన్నీ కలిపి క్లైవ్ కూర్చినది. ప్లాసీలో పోరాడింది అదే. మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్‌కు మూలపురుషుడు అదే.

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డ్, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఎదురెదురయ్యారు. బలాలు ఇంచుమించు సమానం. ఫోర్డ్ తన తెల్ల పటాలాన్ని నడుమ పెట్టి, సిపాయిల్ని రెండు పక్కలా నిలబెట్టాడు. తెల్ల పటాలం ముందు నిలువెత్తు పెరిగిన చేను ఉంది. అందులో వాళ్లు అవతలివాళ్లకు కనపడలేదు. పక్కనున్న సిపాయిలూ ఎర్ర కోట్లే వేసుకుని ఉన్నారు. ఫ్రెంచివాళ్లు వాళ్లనే తెల్లవాళ్లనుకుని తమ సత్తా అంతా అటు తిప్పారు. ఆ దెబ్బ మొత్తం మీద పడింది మన సిపాయిల మీద. వాళ్లు వెనక్కి తగ్గుతూ ఉంటే, వాళ్లని తరుముతూ ఫ్రెంచి వరస చెదిరిపోయింది. అప్పుడు చేను చాటు నుంచి తెల్ల పటాలం పక్కగా తిరిగి కాల్పులు మొదలుపెట్టింది. అంతే, ఫ్రెంచివాళ్ల పని అయిపోయింది. ఫిరంగులన్నీ వదిలేసి కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ రాజమండ్రి దాకా పారిపోయాడని చెప్పుకుంటారు.

గెలుపు జాబితాలోకి ఎక్కింది తెల్ల రెజిమెంట్ పేరు. అవతలి దెబ్బ కాచుకున్న సిపాయిలు యుద్ధ చరిత్రల్లో ఒక అంకెగా మిగిలారు. న్యాయంగా చెప్పాలంటే, ఆ రోజు చచ్చిన మామూలు తెల్ల సైనికుడి గతీ అంతే. ఆ కాలంలో ఆఫీసరు చస్తే చర్చిలో పాలరాతి పలక పెట్టేవారు. సైనికుడు చస్తే గుంట తీసి పూడ్చేవారు. వాటర్లూ మైదానంలో కూడా అదే జరిగింది. పేరు అనేది హోదా ఉన్నవాడికే.

బందరు సంగతి క్లుప్తంగా చెబుతాను, దానికే ఒక సాయంత్రం కావాలి. 1759 మార్చిలో ఫోర్డ్ కోటను ముట్టడించాడు. చుట్టూ బురద, ఉప్పునీటి పాయలు. డబ్బులేదు, జీతాలు లేక సొంత సైనికులే తిరగబడ్డారు. వెనక నుంచి ఫ్రెంచివాళ్ల పక్షాన ఉన్న హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో దిగుతున్నాడు. మందుగుండు అయిపోవస్తున్న సమయంలో ఏప్రిల్ 7 అర్ధరాత్రి, కొందర్ని బురదలోంచి నడిపించి ఒక పక్క అలజడి చేయించి, ఇంకో పక్క నుంచి ఎక్కాడు. తెల్లవారేసరికి కోట చేతికొచ్చింది. లొంగిపోయినవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువమంది. సలాబత్ జంగ్ గాలి ఎటు వీస్తోందో చూసి బందరుని, చుట్టుపక్కల సీమల్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి పెత్తనం అక్కడితో ముగిసింది. మన జిల్లాల చరిత్ర ఆ రాత్రి మలుపు తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

ఆ తర్వాత వందేళ్లు గబగబా దాటేస్తాను. బక్సర్, భరత్‌పూర్, అఫ్గాన్ యుద్ధం, సిక్కు యుద్ధాలు. 1857లో ఢిల్లీ ముట్టడి. ఎండకు తాళలేక కోట్లు విప్పేసి మురికి చొక్కాలతోనే పోరాడారని వాళ్లకు "డర్టీ షర్ట్స్" అనే పేరు వచ్చింది. వాళ్లు గొప్పగా చెప్పుకునే ఆ పేరు మన వైపు నుంచి చూస్తే ఢిల్లీ వీధుల్లో పారిన రక్తం. దాన్ని దాచి ఈ రెజిమెంట్ కథ చెప్పలేం. కంపెనీ పోయి రాణీ పాలన వచ్చాక ఈ తెల్ల పటాలాల్ని బ్రిటిష్ సైన్యంలో కలిపేశారు. 1881లో రెండు బెంగాల్ రెజిమెంట్లను ఒకటి చేసి రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ అని పేరు పెట్టారు. ఐర్లాండ్ నైరుతి మూల, కెర్రీ కౌంటీలోని ట్రాలీ పట్టణంలో డిపో. కార్క్, కెర్రీ, లిమరిక్, క్లేర్ నుంచి కుర్రాళ్లని తీసుకునేవారు. కంపెనీ రోజుల నుంచే ఈ పటాలాల్లో చాలామంది ఐరిష్ బీదవాళ్లే. వాళ్ల టోపీ బిళ్ల మీద బెంగాల్ పులి బొమ్మ ఉండేది. పులిని ఎన్నడూ చూడని పాడి రైతుల కొడుకులు ఆ బిళ్ల పెట్టుకుని 1914లో యుద్ధానికి వెళ్లారు.

ఎందుకు వెళ్లారు? కొందరు జీతం కోసం. ఇంటికి భత్యం వస్తుంది, పిల్లలు తింటారు. కొందరు సాహసం కోసం. కొందరు, నాయకుడు జాన్ రెడ్మండ్ మాట నమ్మి. యుద్ధంలో బ్రిటన్‌కు అండగా నిలిస్తే ఐర్లాండ్‌కు స్వపరిపాలన ఖాయమవుతుందని ఆయన 1914 సెప్టెంబరులో పిలుపునిచ్చాడు. మనవాళ్లు కూడా అదే యుద్ధంలో అదే ఆశ పెట్టుకున్నారు. గాంధీగారు సైతం సైన్యంలో చేరమని గుజరాత్ పల్లెల్లో తిరిగారు. రెండు దేశాల్లోనూ ఆ ఆశ ఎలా ముగిసిందో మీకు తెలుసు.

1914 ఆగస్టు 27. ఉత్తర ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సైన్యం వెనక్కి తగ్గుతోంది. మేజర్ పాల్ షారియే కింద మన్‌స్టర్ రెండో బెటాలియన్ అందరికంటే వెనక ఉండి జర్మన్లను ఆపాలి. తగ్గమనే ఉత్తరువు వాళ్లకు చేరనే లేదు. ఎట్రూ అనే ఊరి దగ్గర ఒక పళ్లతోటలో చుట్టూ శత్రువులు కమ్మేశారు. తమకంటే ఎన్నో రెట్ల సైన్యంతో రోజంతా పోరాడారు. షారియే చనిపోయాడు. రాత్రి తొమ్మిదింటికి తూటాలు అయిపోయాక నిలబడగలిగిన సుమారు 250 మంది లొంగిపోయారు. ఆ ఒక్క రోజు ఆలస్యం వల్ల ముందున్న సైన్యం తప్పించుకుంది. బతికినవాళ్లు తమ తోటివాళ్లని ఆ తోటలోనే పూడ్చుకోవడానికి జర్మన్లు ఒప్పుకున్నారు. అదే ఇవాళ ఎట్రూ బ్రిటిష్ సమాధుల తోట. ఈ రెజిమెంట్‌కు ఆ యుద్ధంలో మొదటి స్మారకం అదే. సర్కారు కట్టింది కాదు, చేతుల్లో పారలు పట్టుకున్న తోటి సైనికులు కట్టింది.

మరుసటి ఏడాది ఏప్రిల్ 25, గలిపోలి. దీని దగ్గర కాసేపు ఆగుతాను.

టర్కీలో సెద్దుల్‌బహిర్ కోట కింద చిన్న ఇసుక తీరం. బ్రిటిష్ మ్యాపుల్లో దాని పేరు వీ బీచ్. మొదటి బెటాలియన్ రంగూన్ నుంచి ఇంగ్లండ్ మీదుగా ఇక్కడికి వచ్చింది. బొగ్గు మోసే పాత ఓడ ఒకటి, రివర్ క్లైడ్, దాని పక్కల్లో తలుపుల్లాగా కంతలు కోశారు. లోపల రెండు వేల మందిని కుక్కారు. ఎక్కువమంది మన్‌స్టర్ వాళ్లు, కొందరు హాంప్‌షైర్ వాళ్లు. ఓడని నేరుగా ఒడ్డుకు తోలి, కంతల్లోంచి దిగి, పడవల వరస మీదుగా ఇసుకలోకి పరిగెత్తాలన్నది ఆలోచన. పక్కనే తెరచాటు లేని పడవల్లో డబ్లిన్ ఫ్యుజిలియర్స్ వస్తున్నారు.

ఓడ ఒడ్డుకు చాలా ముందే నేలకు తగిలి ఆగిపోయింది. పడవల వంతెన ప్రవాహానికి కొట్టుకుపోతుంటే కమాండర్ అన్విన్ నడుముల్లోతు నీళ్లలో దిగి తాడు పట్టుకుని నిలబడ్డాడు. కంతల్లోంచి మొదటి వరస దిగగానే కోట నుంచి, గట్టు మీద నుంచి తూటాలు. ఒకడి మీద ఒకడు పడ్డారు. గాయపడి నీళ్లలో పడ్డవాడు వీపు మీది మూట బరువుకే మునిగిపోయాడు. అవతల ఉన్న టర్కీ దళం ఎంతో చిన్నది. కానీ వాళ్లు ముందు కాల్చకుండా, పడవలు దగ్గరికొచ్చేదాకా ఓపిక పట్టారు. పైన విమానంలోంచి చూసిన శాంసన్ అనే నౌకాదళ అధికారి, ఒడ్డు పొడవునా సముద్రం ఎర్రగా కనిపించిందని చెప్పాడు. ఇసుకలో చేరగలిగిన కొద్దిమంది నాలుగడుగుల ఇసుక కట్ట చాటున రోజంతా బోర్లా పడుకుని ఉండిపోయారు. ఓడలో మిగిలినవాళ్లు చీకటి పడేదాకా ఆగి దిగారు. మర్నాడు కోటను, ఊరిని పట్టుకోగలిగారు. ఆ రోజు కార్క్ కౌంటీ అఘాడా ఊరి విలియం కాస్‌గ్రోవ్ అనే కార్పొరల్, కత్తెరలకు ముళ్లకంచె తెగకపోతే దాని గుంజల్ని చేతులతో పీకి దారి చేశాడు. మనిషి ఆజానుబాహువు. ఆయనకు బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం, విక్టోరియా క్రాస్ ఇచ్చారు. రెండు ఐరిష్ బెటాలియన్లలో మిగిలినవాళ్లని కలిపి కొన్నాళ్లు ఒకే బెటాలియన్‌గా నడపాల్సి వచ్చింది. ఎంతమంది పోయారో అర్థం చేసుకోండి.

ఇప్పుడు ఆ తీరంలో నీళ్లకు దగ్గరగా ఒక సమాధుల తోట ఉంది. అక్కడ లెక్కలో ఉన్నవాళ్లు 696 మంది. అందులో 480 మంది ఎవరో తెలియదు. పేర్లు తెలిసిన 196 మందికి, ఈ తోటలోనే ఎక్కడో ఉన్నారన్న నమ్మకంతో విడిగా రాళ్లు పెట్టారు. ఆ నేల కుదురైనది కాదు కాబట్టి నిలువు రాళ్లు పెట్టలేదు, నేలకు దగ్గరగా ఉండే చిన్న దిమ్మెల మీద పేర్లు చెక్కారు. చదవాలంటే వంగాలి. గట్టు పైన టర్కీవాళ్లు యాహ్యా చావుష్ పేరున కట్టిన స్మారకం ఉంది. ఆయన ఆ తీరాన్ని కాచిన సార్జెంట్. కింద దిగినవాళ్ల పేర్లు, పైన ఆపినవాళ్ల పేర్లు, రెండూ ఒకే కొండవాలులో ఉండటం నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది. రివర్ క్లైడ్ ఓడని మాత్రం ఎవరూ దాచుకోలేదు. దాన్ని బాగుచేసి స్పెయిన్ వాళ్లకు అమ్మారు. నలభై ఏళ్లకు పైగా సరుకులు మోసి 1966లో తుక్కు అయిపోయింది.

గలిపోలి దిగిన రెండు వారాలకే ఫ్రాన్స్‌లో రెండో బెటాలియన్‌కు ఇంకో రోజు వచ్చింది. 1915 మే 8 సాయంత్రం, రూ దు బ్వా అనే రోడ్డు పక్కన పైకప్పు ఎగిరిపోయిన చిన్న గుడి దగ్గర బెటాలియన్ ఆగింది. ఫాదర్ ఫ్రాన్సిస్ గ్లీసన్ గుర్రం మీదే ఉండి చెయ్యెత్తి అందరికీ ఒకేసారి పాపక్షమాపణ ఇచ్చాడు. టోపీలు తీసి వందల మంది నిలబడ్డారు. తెల్లారి ఆబర్స్ గట్టు మీద దాడిలో కల్నల్ విక్టర్ రికర్డ్ మొదటి నిమిషాల్లోనే పోయాడు. బెటాలియన్‌లో సగానికి సగం చెదిరిపోయారు. రికర్డ్ భార్య ఆ సాయంత్రాన్ని బొమ్మగా గీయమని మతానియా అనే చిత్రకారుణ్ణి కోరింది. అసలు బొమ్మ రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు పోయిందంటారు. దాని అచ్చు ప్రతులు మాత్రం మన్‌స్టర్ ఇళ్ల గోడల మీద చాలాకాలం వేలాడాయి. ఊళ్లో రాయి లేనప్పుడు ఆ కాగితమే స్మారకం అయింది.

అదే రోజు, అదే దాడిలో, వాళ్ల పక్కనే మన మీరట్ డివిజన్ ఉంది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఇంటికి వద్దాం. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. అంతకుముందే రోజర్ కేస్‌మెంట్ అనే ఐరిష్ స్వాతంత్ర్యవాది జర్మనీలో ఉన్న ఐరిష్ ఖైదీల్ని, అందులో ఎట్రూలో పట్టుబడ్డ మన్‌స్టర్ వాళ్లని కూడా, స్వతంత్ర ఐరిష్ దళంలో చేరమని అడిగాడు. యాభై మందికి కొంచెం పైన చేరారు, అంతే. ఆయన జర్మన్ జలాంతర్గామిలో వచ్చి దిగింది ఎక్కడనుకున్నారు? ఈ రెజిమెంట్ డిపో ఉన్న ట్రాలీకి దగ్గర్లోనే, బన్నా తీరంలో. వెంటనే పట్టుబడ్డాడు, ఆగస్టులో ఉరితీశారు. తిరుగుబాటు నాయకుల్ని కాల్చి చంపడంతో ఐర్లాండ్ మనసు మారిపోయింది. 1914లో వీడ్కోలు చెప్పి పంపిన ఊళ్లు 1919లో తిరిగొచ్చినవాళ్లని అనుమానంగా చూశాయి. 1921లో ఒప్పందం, 1922లో ఐరిష్ స్వతంత్ర రాజ్యం. ఆ ఏడాది జూన్ 12న విండ్‌సర్ కోటలో అయిదు దక్షిణ ఐరిష్ రెజిమెంట్లు తమ జెండాల్ని రాజు జార్జ్ చేతికి అప్పగించాయి. జూలై 31తో మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ లేదు. మూడు వేల మందికి పైగా ఆ ఒక్క యుద్ధంలో పోగొట్టుకున్న రెజిమెంట్‌కు, ఆ చావుల్ని గుర్తుచేసుకునే ఇల్లు లేకుండా పోయింది.

మార్టిన్ డోయల్ అనే ఆయన గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. వెక్స్‌ఫర్డ్ కౌంటీ మనిషి. మన్‌స్టర్ మొదటి బెటాలియన్‌లో కంపెనీ సార్జెంట్ మేజర్. 1918 సెప్టెంబరు 2న ఫ్రాన్స్‌లో చూపిన ధైర్యానికి విక్టోరియా క్రాస్ వచ్చింది. ఊరికి తిరిగొచ్చి, తనకు పతకం ఇచ్చిన ఆ రాజ్యం మీదే పోరాడే ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీకి రహస్యంగా సమాచారం అందించాడు. తర్వాత కొత్త ఐరిష్ సైన్యంలో చేరాడు. 1940లో చనిపోయాక డబ్లిన్‌లోని గ్రాంజ్‌గోర్మన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. ఆయన్ని ద్రోహి అనాలా, దేశభక్తుడనాలా? నాకైతే ఆ ప్రశ్నే తప్పు అనిపిస్తుంది. ఆయన బతికుండగానే ఆయన దేశమే మారిపోయింది.

ఇలాంటివాళ్లకి రాయి ఎక్కడ పెట్టాలి? డబ్లిన్ నడిబొడ్డున మెరియన్ స్క్వేర్‌లో పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. 1927లో మంత్రి కెవిన్ ఓ'హిగ్గిన్స్ పార్లమెంటులో దాన్ని వ్యతిరేకించాడు. ప్రభుత్వ భవనాల ఎదురుగా ఆ స్మారకం ఉంటే, ఈ రాజ్యం ఆ యుద్ధంలోంచే పుట్టిందని పరదేశీలు అనుకుంటారన్నది ఆయన వాదన. ఆ మాట అన్నాయన సొంత సోదరుడు ఆ యుద్ధంలోనే పోయాడు. అంటే మనసులేక చెప్పిన మాట కాదది. ఆ వాదనలో నిజం ఉంది. అయినా ఊరి మధ్య చోటు దొరకని తల్లుల బాధలోనూ నిజం ఉంది.

చివరికి ఊరి బయట, లిఫీ నది ఒడ్డున ఐలండ్‌బ్రిడ్జ్‌లో చోటు దొరికింది. నమూనా గీసింది ఎవరో కాదు, మన ఢిల్లీలో ఇండియా గేట్ కట్టించిన ఎడ్విన్ లుటియన్స్. 1930ల్లో పని నడిచింది. కూలీల్లో సగం మంది బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాళ్లు, సగం మంది ఐరిష్ సైన్యంలో పనిచేసినవాళ్లు. ఉపాధి దొరకాలని యంత్రాలు తక్కువగా వాడి చేత్తోనే చేయించారు. గులాబీ తోటలు, గ్రానైటు గదులు. ఆ గదుల్లో 49,400 మంది పేర్లున్న పుస్తకాలు. ఐరిష్ రెజిమెంట్లలో చేరి పోయిన పరాయి ఊళ్లవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారు. ఒక గదిలో చెక్క శిలువ ఉంది. 1916లో గిన్షీ, గియ్‌మాం ఊళ్ల దగ్గర 16వ ఐరిష్ డివిజన్‌లో పోయినవాళ్ల కోసం, అక్కడి కూలిపోయిన ఇంటి దూలాలతో తోటివాళ్లు చేసినది. 1939లో తోట సిద్ధమైంది, రెండో యుద్ధం వచ్చి ప్రారంభోత్సవం ఆగింది. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. రాళ్ల మధ్య గడ్డి పెరిగింది, దొంగలు, పశువులు, చెత్త. 1980ల్లో బాగుచేసి 1988 సెప్టెంబరులో ప్రారంభించారు. కట్టిన యాభై ఏళ్లకు! 2011లో ఎలిజబెత్ రాణి, ఐరిష్ ప్రెసిడెంట్ మేరీ మక్‌అలీస్ కలిసి అక్కడ దండలు పెట్టారు. డబ్లిన్‌లో మన తెలుగు పిల్లలు చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. మీవాళ్లుంటే ఒక ఆదివారం అక్కడికి వెళ్లి రమ్మనండి. ఫీనిక్స్ పార్క్‌కు ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున.

మన్‌స్టర్ సొంత ఊళ్ల సంగతి వేరేగా ఉంది. కార్క్‌లో సౌత్ మాల్ రోడ్డు మీద 1925 సెయింట్ పాట్రిక్ పండగ రోజున ఒక సున్నపురాతి స్తంభం ఆవిష్కరించారు. తలదించుకుని, తుపాకీని తలకిందులుగా పట్టుకుని నిలబడ్డ మన్‌స్టర్ ఫ్యుజిలియర్ బొమ్మ దాని మీద చెక్కి ఉంది. అది ఇప్పటికీ ఉంది. లిమరిక్‌లో పెరీ స్క్వేర్‌లో పెట్టిన స్మారకాన్ని 1957లో పేల్చేశారు. తర్వాత మళ్లీ కట్టుకున్నారు. 1998లో బెల్జియంలో మెసీన్ దగ్గర, ఐర్లాండ్ ఉత్తర దక్షిణాల సైనికులు 1917లో పక్కపక్కన పోరాడిన చోట, ఒక గుండ్రటి రాతి గోపురం లేచింది. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకరి చావుని ఒకరు ఒప్పుకోవడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకు వస్తాను. మామూలు సైనికుడి పేరు రాయి మీదికి ఎక్కిన పద్ధతి ఈ యుద్ధంతోనే స్థిరపడింది. 1917లో ఫేబియన్ వేర్ అనే ఆయన పూనికతో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. నియమం ఏమిటంటే, ఆఫీసరుకైనా సైనికుడికైనా ఒకే కొలత రాయి. డబ్బున్నవాడు పెద్ద సమాధి కట్టుకోవడానికి వీల్లేదు. సమాధి దొరకనివాడి పేరు గోడ మీద చెక్కాలి. చరిత్రలో ఇది గొప్ప అడుగు. దానిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

కానీ ఆ నియమం అందరికీ వర్తించలేదు. రూ దు బ్వా దగ్గర మన్‌స్టర్ వాళ్ల పక్కనే మన మీరట్ డివిజన్ ఉందన్నాను కదా. అక్కడికి దగ్గర్లోనే 1927లో నవ్ షాపెల్ భారతీయ స్మారకం కట్టారు. గుండ్రటి గోడ మీద నాలుగు వేల ఏడు వందల మందికి పైగా భారతీయుల పేర్లు, సిపాయితో సహా, ఒక్కొక్కటిగా చెక్కారు. చాలా మంచి పని. అదే కమిషన్ ఇరాక్‌లోని బస్రా స్మారకం కట్టినప్పుడు నలభై వేలకు పైగా చనిపోయినవాళ్లకి చోటిచ్చింది. బ్రిటిష్ వాళ్లలో సైనికుడి దాకా పేర్లున్నాయి. భారతీయుల్లో అధికారుల పేర్లే ఉన్నాయి. మిగిలినవాళ్లు? రెజిమెంట్ పేరు రాసి, పక్కన ఒక అంకె. అంతే. 2021లో కమిషన్ తానే ఒక నివేదికలో ఈ అన్యాయాన్ని ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికాల నుంచి వెళ్లిన 45 వేల నుంచి 54 వేల మందిని తెల్లవాళ్లతో సమానంగా స్మరించలేదని, కనీసం 1,16,000 మందిని, ఇంకా ఎక్కువే కావచ్చు, పేరుతో గానీ అసలు ఏ రకంగా గానీ స్మరించలేదని అందులో ఉంది. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికావాళ్లు, కూలీలుగా, బరువులు మోసేవాళ్లుగా వెళ్లినవాళ్లు.

ఫ్రాన్స్‌లో పేరు, ఇరాక్‌లో అంకె. ఒకే సైన్యం, ఒకే యుద్ధం, కొన్నిసార్లు ఒకే రెజిమెంట్. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఫ్రాన్స్ స్మారకాన్ని యూరప్ అంతా చూస్తుంది, బస్రాకు ఎవరు వెళతారు? ఇది నా అభిప్రాయం. చందుర్తిలో సిపాయిల్ని అంకెగా రాసిన చెయ్యి, బస్రా దాకా అలాగే రాసింది.

ఆ అంకెల్లో మనవాళ్లున్నారు. మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీరు దళం వాళ్లు మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, వంతెనలు కట్టారు, రోడ్లు వేశారు. అందులో తెలుగువాళ్లు ఎప్పుడూ ఉండేవారు. హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా వైపు వెళ్లారు. ఢిల్లీ తీన్ మూర్తిలో ఉన్న మూడు కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి రెండు ప్రపంచయుద్ధాలకీ కుర్రాళ్లు వెళ్లారు. ఆ ఊరిని మిలిటరీ మాధవరం అనే పిలుస్తాం. వాళ్లు తమ ఊళ్లో తామే స్మారకం కట్టుకున్నారు. ఎట్రూ పళ్లతోటలో సైనికులు చేసిన పనీ అదే. నిలబడే స్మారకాలు చాలావరకు ఇలా పోయినవాళ్ల మనుషులే మొదలుపెట్టినవి.

పంజాబ్ విషయంలో ఏం చేశారో వినండి. మొదటి యుద్ధానికి వెళ్లిన మూడు లక్షలకు పైగా మంది వివరాలు, ఊరి పేర్లతో సహా రాసిన పాత రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో మూలపడి ఉంటే బయటికి తీసి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఇప్పుడు జలంధర్‌లో ఒక ముసలాయన మనవడు తన ముత్తాత పేరు వెతుక్కోవచ్చు. మన జిల్లాలకు అలాంటి పని ఎవరో ఒకరు చేపట్టాలి. ఇక్కడున్న హిస్టరీ విద్యార్థులకు ఇదొక ప్రాజెక్టు, నిజంగా చేయదగ్గది.

మొదలు పెట్టడానికి పెద్ద ఆర్కైవ్ అక్కర్లేదు. మీ ఇంట్లో, మీ చుట్టాల ఇంట్లో పాత ట్రంకు పెట్టె అడుగున మొదటి యుద్ధకాలం నాటి పతకం ఉంటే బయటికి తీయండి. వెండిలా ఉన్నదైనా సరే, కంచుదైనా సరే. కంచువి కొన్ని కూలీల దళాలకు, సేవకులకు ఇచ్చినవి. ముందూ వెనకా ఉన్న బొమ్మలు వదిలేయండి. పతకాన్ని నిలువుగా పట్టుకుని అంచు చూడండి. రూపాయి బిళ్ల అంచులా ఉంటుంది, దాని మీద సన్నటి అక్షరాలు అచ్చు గుద్ది ఉంటాయి. నంబరు, హోదా, పేరు, దళం పేరు. పాలిష్ చేయకండి, పాలిష్ చేస్తే ఆ అక్షరాలే ముందు అరిగిపోతాయి. భూతద్దంతో చదివి, ఉన్నదున్నట్టు రాసుకుని, ఫోటో తీయండి. పేరు స్పెల్లింగ్ వింతగా ఉంటుంది, ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినది. ఇందాక చెప్పిన కమిషన్ ఇప్పటి పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, దాని వెబ్‌సైట్‌లో పేర్లు ఉచితంగా వెతకొచ్చు. చాలామంది భారతీయుల ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా ఉంటాయి. బస్రాలో అంకెగా ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టర్లలోంచి తీసి అందులోకి చేరుస్తున్నారు. ఆ నంబరు, ఆ స్పెల్లింగ్ రెండూ మీ దగ్గర ఉంటే, దొరికే అవకాశం చాలా పెరుగుతుంది.

పతకం ఉన్నవాళ్లు ఇవాళే తెచ్చినా సరే, ఇక్కడ బల్ల మీద భూతద్దం పెట్టాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.